ఇసుక తోట తమ్ముడికి

అల్లాహ్ పేరుతో. అల్జీరియా ఎడారి సీమ సూఫ్‌లో పుట్టి సూఫ్‌లోనే ముసలివాడైన హఫ్నావీ బిన్ తిజానీ అనే నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, మోకాళ్లు తప్ప మిగతావన్నీ సరిగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది.

1. నా వారసులు ఇద్దరే. భార్య మబ్రూకా, కొడుకు లామీన్. ఇల్లు, మేకలు, కొట్లోని ఖర్జూరం షరియత్ ప్రకారం వారికి చెందుతాయి. అందులో నేను కలగజేసుకునేది లేదు.

2. వారసులు కానివారికి ఆస్తిలో మూడో వంతు దాకా ఇచ్చే హక్కు నాకుంది. ఆ హక్కుతో ఖర్జూర తోటను నా తమ్ముడు సాసీకి రాస్తున్నాను.

ఆ తోట ముప్ఫై అడుగుల లోతు ఇసుక గుంట. వేళ్లు నీటికి అందాలని మా తాత దాన్ని తవ్వి అడుగున చెట్లు నాటాడు. నీళ్లు పెట్టే పని లేదు. గాలి పోసిన ఇసుకను రోజూ గంపలతో పైకి మోయాలి. నాలుగు తరాలు మోశాం. తర్వాత పట్టణం వాడిన నీళ్లు భూమిలోకి ఇంకి, కింది నుంచి పైకి లేచాయి. వేళ్లు కుళ్లి, నూట ఆరు చెట్లలో తొమ్మిదే మిగిలాయి. లామీన్‌కు నలభై ఒక్కేళ్లు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఇంకా ఇసుక మోస్తున్నాడు.

3. నీళ్లు చీలమండ దాకా వచ్చిన ఏడాదే సాసీ తన తోట పూడ్చి టైర్ల కొట్టు పెట్టాడు. సంతలో పదిమంది ముందు, "ఓర్చుకోలేనివాడికి తలపాగా ఎందుకురా?" అన్నాను. "చెట్టు చచ్చాక ఆ ఓర్పు ఎవరికి అన్నా, కప్పలకా?" అన్నాడు. పన్నెండేళ్లుగా మాటల్లేవు. క్షమాపణ అడగడం లేదు. షరతు ఒక్కటే. నేను పోయిన నలభై రోజుల్లోపు, మేం పైకి మోసిన ఇసుకతోనే సాసీ ఆ గుంట పూడ్చాలి. గెలలుంటే ముందు కోసి మబ్రూకాకు ఇవ్వాలి.

4. మబ్రూకా నాతో సమానంగా మోసింది. ఆమె నడుము ఇక నిటారు కాదు. పట్టణానికి పోదామన్నప్పుడల్లా "ఇంకో ఏడాది ఓర్చుకో" అన్నాను. "నీ ఏడాదికి ఎన్ని నెలలయ్యా?" అని నవ్వేది. టీ కాచిన ప్రతిసారీ మొదటి గ్లాసు నాకే పోసింది. ఇకమీదట ఆ ఇంట్లో మొదటి గ్లాసు ఆమెది.

5. తోట తనకు దక్కనందుకు లామీన్ నన్ను ద్వేషిస్తాడు. మూడుసార్లు చెప్పబోయాను. ఒక్కసారే నోరు పెగిలింది. "ఇక చాలురా" అన్నాను. గంప దించకుండానే, "ఓర్చుకున్నవాడిదే తోట అని నువ్వే కదా నాన్నా అన్నావు" అన్నాడు. అన్నాను. భుజం తోలు ఊడి వాడు ఏడుస్తుంటే అన్నాను. అప్పుడు వాడికి ఏడేళ్లు. తోట వాడి చేతిలో ఉన్నంతకాలం వాడు ఆగడు. ఆపడం నాకు చేతకాలేదు. అందుకే తోట లేకుండా చేస్తున్నాను.

6. దీన్ని అమలు చేయవలసింది మా మసీదు ఇమామ్ లజ్హర్ గారు. అయ్యా, పూడ్చే రోజు లామీన్ గుంటలోకి దిగి అడ్డం నిలబడతాడు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకురండి. నన్ను తిడితే తిట్టనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఓర్చుకోమని మాత్రం ఎవరూ చెప్పవద్దు.

1996 నవంబరు 9, శనివారం.

(సంతకం) హఫ్నావీ బిన్ తిజానీ

సాక్షులు:
మిస్బాహ్ బిన్ సాలిమ్, మంగలి
అల్ ఈద్ బిన్ నసీర్, పొరుగు తోట మాజీ యజమాని