ఏటి వంపులో కుండ

షెంజెన్ ఏటి గట్టు, హాంకాంగ్ వైపు
20 సెప్టెంబరు 1993

చిరంజీవి హిన్-చుంగ్‌ను మీ అమ్మ నిండు మనసుతో దీవించి రాసేది. ఇక్కడ నేనూ, పందులూ, వరదకు మిగిలిన బాతులూ కులాసా. నువ్వు వేళకు తింటున్నానని రాశావు గానీ నేను నమ్మలేదు.

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. ఏరు తిన్నగా తవ్వించే సంగతి అవతలి చైనా వాళ్లతో మాట్లాడమని ప్రభుత్వం నిన్ను కూర్చోబెడితే, మీ నాన్న సమాధి కోసం కొత్త ఏటి గీత మళ్లించమని అడుగుతావా? వంపు తెగితే ఆ సమాధి ఉన్న దిబ్బ అవతలి ఒడ్డుకు పోతుందనీ, ఆయన అస్థికల కుండకు మొక్కాలంటే ఇక సరిహద్దు దాటాలనీ నాకూ తెలుసు. గీత కదిపితే మాటలు మళ్లీ మొదటికొస్తాయనీ, తొంభై ఏడులో ఇక్కడ ఇంగ్లీషు జెండా దిగి చైనా జెండా ఎక్కేలోపు తేలవనీ నువ్వే రాశావు. అంటే ఇంకో నాలుగు వానాకాలాలు మనం మునగాలన్నమాట.

మొన్న పక్కింటి ఆ-ఫాంగ్ పందులన్నీ కొట్టుకుపోయాయి. మీ నాన్నను మింగిందీ ఆ వంపే. బాతులు తోలుకొస్తానని వెళ్లిన మనిషి. ఆ ఏటి మీద నాకింకా కోపం తీరలేదు.

నిన్న వంశ మండపంలో మీ పెదనాన్న నన్ను అందరి ముందూ నిలబెట్టారు. కుర్చీ దొరగ్గానే నీ కొడుక్కి కళ్లు నెత్తికెక్కాయా, కన్నతండ్రిని పరాయి ఒడ్డున పారేస్తాడా, కుండ అక్కడున్నంత కాలం ఏరు తవ్వడానికి నేనొప్పుకోను అన్నారు. ఏటా మీరు దిబ్బ ఎక్కేది మొక్కాక పంచే కాల్చిన పంది మాంసం కోసమే కదా బావగారూ అన్నాను. ఆయన తప్ప అందరూ నవ్వారు.

నువ్వు ఎవరికీ తలొంచకు. గీత కదపకు.

ఇట్లు,
మీ అమ్మ లిన్-హో

తాజాకలం: కుండ ఇప్పుడక్కడ లేదు. ఇవాళ తెల్లవారగానే తవ్వి, వీపుకు కట్టుకుని తెచ్చేశాను. దారిలో సరిహద్దు కాపలా పోలీసు అదేంటి పిన్నిగారూ అన్నాడు. ఆవాకు ఊరగాయ అన్నాను. కాస్త పెట్టరూ అన్నాడు. ఇంకా ఊరలేదు నాయనా అన్నాను. నీ మంచం కింద పెట్టాను. తండ్రి అస్థికలు తీసేటప్పుడు మొదటి గునపం దెబ్బ కొడుకే వెయ్యాలని నాకు తెలియక కాదు. మీ నాన్నకు చెప్పుకున్నాను, వాడి చెయ్యి అక్కడ సంతకానికి కావాలి, ఈసారికి నా చేత్తోనే పైకి లేవయ్యా అని.