మూతలో కుక్కిన సబ్బు

అన్నా,

అక్కడ దేవదూతల మీద కూడా అరుస్తున్నావా? నువ్వు పోయి ఆరు నెలలైంది. ఇంజిన్ ఈరోజు కూడా ఆగితే పడవ అమ్మేస్తానని వదిన తేల్చి చెప్పింది. ఇద్దరం కంభం చెరువులోకి పోయినాం. పది నిమిషాలకే ఆగింది.

“ఏమబ్బీ, నీ చేష్టేనా? మీ అన్నను ఏడిపించినట్ల నన్నూ ఏడిపిస్తాండావా?” అని వదిన తెడ్డు ఎత్తింది.

“ఒట్టు వదినా, ఈసారి నేను కాదు!”

నువ్వున్నప్పుడు పెట్రోలు పైపు మడిచిపెట్టి నవ్వినవాణ్ణి, నన్నెవరు నమ్ముతారు? ప్లగ్గు మార్చాను, పైపు ఊదాను, దేవుణ్ణి బతిమాలాను. ఆఖరికి ట్యాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి పీల్చుకుంది. మూతకుండే గాలి చిల్లు సబ్బుతో మూసుకుపోయి, పెట్రోలు ఇంజిన్‌లోకి దిగడం లేదు. వాన నీళ్లు దిగకుండా నువ్వు కుక్కిన సబ్బు అది. దాని మీద నీ బొటనవేలి ముద్ర, గీతలతో సహా ఉంది.

“తీయొద్దబ్బీ,” అంది వదిన.

“తీయకపోతే పడవ పోతాది వదినా.”

వదిన తలలోంచి జడపిన్ను తీసి నా చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకుంది.

ఇంజిన్ ఒడ్డు దాకా ఆగలేదు. పడవ అమ్మడం లేదు. నీ ముద్రను మాత్రం నా చేతులతోనే చెరిపేశాను అన్నా.