పారేయమని మాత్రం రాయకు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన సీసాలు పగలకుండా చేరాయి. కుట్టు మిషన్ పక్కన కిటికీ గూట్లో పెట్టుకుని, బట్టలు కుడుతూ వాటినే చూస్తున్నాను. ఆర్కిడ్ మొలక ఇంత చిన్నగా ఉంటుందా! బియ్యపు గింజంత ఆకులు. ఆ ముచ్చట తీరకముందే జెల్లీ మీద తెల్లగా దూదిలాంటిది కనిపించింది. ఇవాళ మధ్యలో పచ్చబడింది. బూజే కదా?

మీ బావ "పారెయ్, ఇల్లంతా పాకుతుంది" అంటున్నారు. ఎలా పారేస్తాను? సూది మొద్దు వైపుతో నేనే పుప్పొడి అద్ది కాయ కాయించాను, ఆ గింజల్నే నువ్వు మీ మొక్కల ల్యాబులో మొలిపించావు. తల్లి మొక్క వేసవిలో కుళ్లిపోయింది. ఇక మిగిలినవి ఇవే. ఏం చేయాలో రాయి. పారేయమని మాత్రం రాయకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

వద్దన్న మాటే రాయాల్సి వస్తోంది. పారెయ్. మా ల్యాబులో బూజు కనిపిస్తే మూత కూడా తీయం. తీస్తే గాలిలోకి లేచి మిగతావాటికి అంటుకుంటుంది. మూతతోనే ఉడకబెట్టి పారేస్తాం. ఆ జెల్లీలో పంచదార ఉంటుంది, మొలకల కంటే ముందు బూజే బలుస్తుంది.

ఇక్కడా అదే గొడవ. నేను కొత్త జెల్లీలోకి మార్చి నాటిన మొలకలకు అరలకు అరలు బూజు పట్టింది. "నీ చేతులు శుభ్రంగా లేవు" అని మేనేజర్ అందరి ముందూ అన్నాడు. నా అజాగ్రత్తే కారణమని కాగితం మీద సంతకం పెట్టాలట. పెట్టేద్దామనుకుంటున్నాను. ఎంత కడుక్కున్నా ఇప్పుడు నా చేతుల మీద నాకే అనుమానంగా ఉంది. నీ మొలకల్నీ నేనే చంపానేమో అక్కా.

నీ తమ్ముడు

*

ప్రియమైన మొద్దబ్బాయికి,

నీ మాట వినలేదు. ఎప్పుడు విన్నాను గనక! సీసాలు పెరట్లోకి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మూతలు తీశాను. జెల్లీ అంతా కడిగేసి, మొలకల్ని బూజు మందు కలిపిన నీళ్లలో ముంచి, తడి నాచు పరిచిన మూత డబ్బాలో కూర్చోబెట్టాను. మీ బావ దూరంగా నిలబడి, "ఆపరేషన్ ఎంతవరకు వచ్చింది డాక్టరమ్మా?" అని ఎగతాళి. వేర్లు నల్లబడ్డవి పోయాయి. చాలానే పోయాయి. మిగిలినవి నిటారుగా ఉన్నాయి, ఒకదానికి కొత్త వేరు పొడుచుకొచ్చింది.

ఇంకో మాట. మూతలు తీసే ముందు బాగా చూశాను. ఒక్క మొలక మొదలు దగ్గరా బూజు లేదు. ఖాళీ జెల్లీ మీదే, అక్కడొకటి ఇక్కడొకటి చల్లినట్టు ఉంది. నీ చేతుల నుంచి వచ్చేదైతే నువ్వు పట్టుకున్న మొలకకు కదా ముందు అంటాలి?

చేయని తప్పుకు సంతకం పెట్టావో, నా గుమ్మం తొక్కకు. కోపంలో అన్న మాట కాదిది.

నీ మొండి అక్క

*

ప్రియమైన అక్కకు,

సంతకం పెట్టలేదు.

నీ ఉత్తరం చదివాక, పారేయడానికి తీసిపెట్టిన సీసాలన్నీ లైటు కింద పెట్టి చూశాను. అన్నిట్లోనూ అంతే. భయంలో అలా చూడాలనే తోచలేదు. వాటిని మేనేజర్ బల్ల మీద వరసగా పెట్టి, "ఇది చేతుల నుంచి వచ్చింది కాదు సార్, పైనుంచి రాలింది. మేం కూర్చునే చోట గాలి వడకట్టే ఫిల్టర్ ఊడదీయించండి" అన్నాను.

"సంతకం పెడతావా, ఇంటికి పోతావా?"

"ఇంటికే పోతాను" అన్నాను.

కోటు విప్పుతుంటే నా పక్క సీటులో పనిచేసే పెద్దావిడ లేచింది. ఎప్పుడూ నోరు మెదపని మనిషి. "పోయినేడు ఇలాంటి కాగితం మీదే నాతో సంతకం పెట్టించారు. అప్పుడు నా చేతులూ శుభ్రంగానే ఉన్నాయి" అంటూ తన కోటూ విప్పి బల్ల మీద పడేసింది. వెనకాల సీసాలు కడిగేవాళ్లు కుళాయిలు కట్టేశారు.

చేసేది లేక మేనేజర్ మెకానిక్‌ని పిలిపించాడు. ఫిల్టర్ ఊడదీస్తే ఓ మూల చిరిగి, నల్లగా బూజు కట్టి ఉంది. అందరం మూగి చూశాం. మేనేజర్ నా కాగితం చించేసి, "ఇక పనిలోకి పోండి" అన్నాడు.

ఎవరం కదల్లేదు.

"పోయినేడుది కూడా తెచ్చి చించండి. అందాకా నిలబడే ఉంటాం" అంది పెద్దావిడ.

నిలబడ్డాం అక్కా. తెచ్చాడు.

నీ తమ్ముడు