గోడ అవతల మోగిన టీవీ

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరై, ఈ భవనం మూడో అంతస్తులో మెట్ల పక్క ఇంట్లో ఉంటున్న నేను, నా చేతులతో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. చెవులు మాత్రం బాగా తగ్గాయి. వినపడకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు అని మా అబ్బాయికి ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా బయటపడితే అవి చెల్లవు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కోడలికి అప్పగిస్తున్నాను. అబ్బాయి నొచ్చుకోనక్కర్లేదు. వాడు మంచివాడే, కానీ ఏ వస్తువు మొరాయించినా "పారేసి కొత్తది కొందాం" అంటాడు. కోడలు ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తుంది. నేను పోయాక నా సామాను ముట్టుకోవలసింది అలాంటి మనిషి.

2. నేను ఉంటున్న ఇల్లు సర్వ హక్కులతో నా కొడుకుకూ కోడలికీ సమానంగా చెందాలి. అమ్ముకున్నా, ఉన్నా వాళ్ళ ఇష్టం. ఉంటే మాత్రం వంటింటి కిటికీ రెక్కను కాస్త పైకెత్తి తొయ్యాలి. బలం చూపిస్తే చేతికొస్తుంది. నా చేతి గాజులు, ఎక్స్ఛేంజిలో చివరి రోజున నాతోటివాళ్ళు ఇచ్చిన పాత హెడ్‌ఫోన్ కోడలివి. అది ఇప్పుడు దేనికీ పనికిరాదు. అయినా దాని చెవి దిండ్లు ఆమెకు నచ్చుతాయి, చాలాసార్లు నొక్కి చూస్తుండగా గమనించాను.

3. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఓవర్సీరు గారికి ఒక పెద్ద దూది కట్ట. ఆయన మెట్లు దిగొచ్చి, మా ఇంటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, మేం పెట్టుకోకుండానే మా ఇంట్లో మీ టీవీ వార్తలు వస్తున్నాయి" అన్నారు. మర్యాదగానే అన్నారు. కానీ నలుగురూ వినేలా అన్నారు. ఆ కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. అయినా ఆయన అలా అనకపోతే కింద రాయబోయేది జరిగి ఉండేది కాదు కాబట్టి, దూది మంచి రకం కొనవలసిందిగా కోడలికి సూచన.

4. టీవీ విషయం. ఇది వివరంగా రాయకపోతే రేపు తగువవుతుంది.

పక్కింట్లో ఉండేది నా చెల్లెలు. దర్జీ పని చేసేది. నోరు ఊరుకోదని చిన్నప్పటి నుంచీ దాన్ని పిచ్చుక అంటాం. వెనక పెద్ద గూనితో ఉన్న ఈ పెట్టె టీవీని మంచాన పడ్డ అమ్మ కోసం మేమిద్దరం కలిసి కొన్నాం. అమ్మ నా దగ్గర ఉండేది కాబట్టి టీవీ నా గదిలో పెట్టాం. అమ్మ పోయాక అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్ళకు పిచ్చుక వచ్చి, "అమ్మ చూసిన టీవీ నీకొక్కదానికేనా అక్కా? నాకు మాత్రం అమ్మ కాదా?" అంది. "గుడ్డపేలికల మధ్య దానికి దుమ్ము పట్టించడానికా?" అన్నాను. అంతకుముందు అదన్న మాటలు ఇక్కడ రాస్తే ఈ కాగితం సరిచూసే లాయరు గారికి కూడా కోపం వస్తుంది. అందుకని ఆ విషయంలో నాది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అది విసవిసా వెళ్ళిపోయింది. ఇక అంతే. మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడ వైపు, ఒకరు రెయిలింగు వైపు. ఏళ్ళు అలాగే గడిచాయి.

గోడ అవతల దాని కుట్టు మిషను చప్పుడు వినపడటం మానేసింది. నా చెవులు పోయాయి కాబట్టి అనుకున్నాను. కాదు, పిచ్చుకకు చూపు మసకబారి మిషను ఎక్కడం మానేసిందని చాలా రోజుల తర్వాత కోడలు చెప్పింది. విన్నాను. వెళ్ళలేదు.

ఓవర్సీరు గారు వచ్చిపోయాక అబ్బాయి కొత్త టీవీ అన్నాడు. కుదరదన్నాను. అప్పుడు కోడలు నోటి మాట వినే స్పీకర్లు రెండు తెచ్చింది. నా కుర్చీకి అటొకటి ఇటొకటి పెడితే తక్కువ చప్పుడుతోనే నాకు వినపడుతుందని. కానీ ఆ స్పీకర్లకు తీగ లేదు, మా టీవీకి తీగ తప్ప ఇంకోటి తెలియదు. కోడలు టీవీని వెనక్కి తిప్పి, బూజు దులిపి, అక్కడున్న ఎర్ర తెల్ల రంధ్రాల్లో అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి తగిలించింది. టీవీ మాటను అది గాల్లోంచి స్పీకర్లకు అందిస్తుందట. మీట నొక్కింది. దీపం మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగింది.

"కలిసింది అత్తయ్యా!" అంది. స్పీకర్లు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. "దేనికో కలిసింది. దేనికి కలిసిందో తెలియట్లేదు" అంది. ఉద్యోగమంతా ఊళ్ళో వాళ్ళ ఫోన్లు ఒకరికొకరికి కలిపినదాన్ని, నా ఇంట్లోనే రాంగ్ నంబరు పడిందని నవ్వొచ్చింది. ఆదివారం వచ్చి చూస్తానని ఆఫీసుకు పరిగెత్తింది. ఓవర్సీరు గారి మీద పంతంతో నేను టీవీ సొంత గొంతు పూర్తిగా నొక్కేసి, వట్టి బొమ్మలు చూస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఏదో పాత సినిమా. మాట లేని ఏడుపులు ఎంతసేపని చూస్తాం? సగంలో కట్టేశాను. కాసేపటికి నాకే వినపడేంత గట్టిగా తలుపు బాదారు. తీస్తే పిచ్చుక. ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉంది.

"ఆపేశావేంటక్కా? ఆ పిల్ల తండ్రి బతికాడా, పోయాడా?"

ఇన్నేళ్ళ తర్వాత అది నాతో అన్న మొదటి మాట అదీ. ఏ పిల్ల, ఎవరి తండ్రి? మతి పోయిందేమో అనుకున్నాను, దానికో నాకో. నా చెయ్యి పట్టుకుని వాళ్ళింట్లోకి లాక్కెళ్ళింది. మూత వేసిన మిషను మీద ఒక స్పీకరు. టైము చెప్పడానికి, మందులు గుర్తు చేయడానికి దాని కూతురు కొనిపెట్టిందట. మా యంత్రం మా స్పీకర్లను వదిలేసి, గోడ దాటి, దాన్ని పట్టుకుంది.

"మొదట మా అమ్మాయే ఏదో పెట్టిందనుకున్నా. ఒక్క పాటైనా చివరిదాకా ఉండనివ్వకుండా ఛానల్ తిప్పేస్తుంటే నువ్వేనని తెలిసిపోయింది."

"తెలిసీ చెప్పవేం?"

"చెప్తే పీకేస్తావుగా."

మిషను పక్కన స్టూలు మీద కూలబడ్డాను. అది మళ్ళీ తండ్రి సంగతి అడిగింది. "మాట నాకేం వినపడిందే! మంచం మీద లేచి కూర్చోవడం మాత్రం చూశాను" అన్నాను. "అయితే బతికాడు" అని కళ్ళు తుడుచుకుంది. సినిమా గురించే అనుకుని నేనూ తుడుచుకున్నాను.

ఆదివారం కోడలు వచ్చి విని, నడుం పట్టుకుని నవ్వింది. ఆ యంత్రం ఒకేసారి రెండు చోట్లకు పంపగలదట. ఒకటి పిచ్చుక ఇంట్లో స్పీకరుకు, ఒకటి నా కుర్చీ పక్క స్పీకరుకు కలిపింది. బొమ్మలో పెదవులు కదిలాక రెప్పపాటుకు గానీ మాట రాదు. పిచ్చుకకు పెదవులు కనపడవు, నాకు మాట సరిగా అందదు. కోడలొక్కతే విసుక్కుంటుంది. ఇప్పుడు మధ్యాహ్నాలు పిచ్చుక ఇక్కడే కూర్చుంటుంది. ఎవరెలా ఉన్నారో నేను చెప్తాను, ఏమన్నారో అది చెప్తుంది. ఓవర్సీరు గారు మళ్ళీ దిగి రాలేదు, మా మాటలే టీవీని మించిపోతున్నా.

కనుక సదరు టీవీని, వెనకనున్న యంత్రంతో సహా, నా తదనంతరం నా చెల్లెలికి దఖలు పరుస్తున్నాను.

5. పై అంశం రద్దు. కారణం చెప్తాను. అక్కడిదాకా రాసి సాక్షులను పిలిపించాను. కింద మందుల షాపాయన వచ్చాడు. రెండో సంతకం తనే పెడతానని పిచ్చుక కూర్చుంది. వీలునామాలో ఏదైనా పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదని, పెడితే ఆ కానుక చెల్లదని లాయరు గారు చెప్పారు. "అయితే నా పేరు కొట్టెయ్యండి. అక్క కాగితం మీద నా చెయ్యి ఉండాలి" అంది. ఇన్నాళ్ళు దేనికోసం పోట్లాడిందో అదే వద్దంది. లాయరు గారు కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. నేను కొట్టేశాను.

వీలునామాతో పని లేకుండా, బతికుండగానే, ఈ పూటే టీవీని దానికి ఇచ్చేశాను. "ఏ గోడకు పెట్టించమంటావు?" అని అడిగాను.

"ఉన్నచోటే ఉండనీ అక్కా. నేనే వస్తుంటా."

తేదీ: మార్చి పధ్నాలుగు, మధ్యాహ్నం. నా గదిలో.

రాసి, చదివి, సమ్మతించి చేసిన సంతకం: మూడో అంతస్తు టెలిఫోన్ అక్క

సాక్షులు:
మందుల షాపు యజమాని, కింది అంతస్తు.
నా చెల్లెలు, దర్జీ, పక్కిల్లు. గీత కనపడక సంతకం నా సంతకం మీదికి ఎక్కింది. దిద్దవద్దని లాయరు గారికి నేనే చెప్పాను.