ఎనిమిదో కిలోమీటరు దగ్గర

గుడివాడ,
నవంబరు 10

ప్రియమైన క్రిస్టినాకి,

ఫోన్లో అయితే నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు, అందుకే ఉత్తరం. నలభై ఆరేళ్ళకి పరుగు మొదలుపెట్టానా, ఏడాది తిరక్కుండానే కుడి మోకాలు మొరాయిస్తోంది. మెట్లు దిగుతుంటే చిప్ప కింద సూదులు గుచ్చినట్టుంటుంది. డాక్టరు ఎక్స్‌రే కూడా సరిగ్గా చూడలేదు. "ఈ వయసులో పరుగులెందుకండీ, హాయిగా సీరియళ్ళు చూసుకోండి" అన్నాడు. కింద పడ్డ పెన్ను తీసుకోవడానికే ఆయాసపడే మనిషి! మా ఆయన గోవర్ధనరావు గారైతే సోఫాలోంచి లేవకుండానే "నేను ముందే చెప్పాగా" అంటారు.

వచ్చే నెల అవనిగడ్డలో పది కిలోమీటర్ల పరుగుంది. పేరిచ్చేశాను. పూర్తి చేసి వీళ్ళ నోళ్ళు మూయిస్తాను. బళ్ళో ఆటల టీచరువి కదా, ఉపాయం చెప్పు.

నీ జానకి

బందరు,
నవంబరు 16

ప్రియమైన జానకీ,

ఆ పరుగు మానెయ్. నీ వయసుతో దీనికి పనిలేదు. రెండు నెలల్లో మూడు కిలోమీటర్ల నుంచి పదికి ఎగబాకావు. తొడల్లో బలం లేక భారమంతా మోకాలి మీద పడుతోంది. ఆరు వారాలు నడక చాలు. రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచి కూర్చో. మా తొమ్మిదో తరగతి పిల్లలు చెప్పిన మాట వింటారు. నువ్వు వినవని తెలుసు.

క్రిస్టినా

గుడివాడ,
డిసెంబరు 22

ప్రియమైన క్రిస్టినా,

కుర్చీలోంచి లేచి కూర్చోవాలా! చదివి ఎంత నవ్వానో. నిన్న పది కిలోమీటర్లూ పూర్తి చేశాను. మోకాలికి పట్టీ బిగించి, రెండు నొప్పి బిళ్ళలు మింగాను, అంతే. పతకం టీవీ పక్కన తగిలించాను. మా ఆయన నోరెత్తకుండా కాఫీ తాగుతున్నారు. పిల్లలకి ఆటలు నేర్పేదానివి, నీకింత పిరికితనం ఏంటే?

విజయగర్వంతో,
జానకి

బందరు,
డిసెంబరు 27

జానకీ,

ప్రియమైన అని రాయబోయి ఆగాను. ఆ రోజు ఎనిమిదో కిలోమీటరు దగ్గర మంచినీళ్ళ బల్ల పెట్టింది మా బడి పిల్లలూ నేనూ. వద్దన్నా వస్తావని తెలిసి, చివరి రెండు కిలోమీటర్లూ నీ పక్కన నడుద్దామని వెళ్ళాను. డెబ్బై ఏళ్ళ పెద్దాయన దాటారు. అందరికంటే వెనక అంబులెన్సు దాటింది. నువ్వు రాలేదు. గ్లాసులు ఏరి, బల్ల మడిచి వచ్చేశాం.

నొప్పితో ఆగిపోయినవాళ్ళని చూసి నేనెప్పుడూ నవ్వలేదు. నీ పతకాన్ని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తోంది.

క్రిస్టినా

గుడివాడ,
ఫిబ్రవరి 3

ప్రియమైన క్రిస్టినాకి,

నీ ఉత్తరం నెల్లాళ్ళు బీరువాలో దాచాను. నాలుగో కిలోమీటరు దగ్గర కాలు సహకరించక కూలబడ్డాను. ఇంటికెళ్ళి ఈయనకి ఏ మొహం చూపించాలా అని ఏడుపొచ్చింది. ఆటో ఎక్కి, చివర్లో దిగి, జనంలో కలిసిపోయి గీత దాటాను. ఎవరో అమ్మాయి "కంగ్రాట్స్ ఆంటీ" అంటూ మెళ్ళో పతకం వేసింది. తీసెయ్యమ్మా అనలేకపోయాను. మిమ్మల్నందర్నీ తిట్టిన తిట్లన్నీ నాకే సరిపోతాయి.

నిన్న ఆయనకి చెప్పేశాను. వెక్కిరిస్తారనుకున్నాను. "మరి ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?" అని మాత్రం అడిగారు. ఇన్నాళ్ళలో ఆ మాట ఆయన అడగలేదు, నేనూ అడగనివ్వలేదు. పతకం నిర్వాహకులకి తిరిగి పంపేశాను. ఇంకో డాక్టరు అరుగుదల ఏమీ లేదన్నారు. నువ్వు చెప్పినవే చెయ్యమన్నారు, చేస్తున్నాను.

ఆదివారం పొద్దుటి రైలుకి బందరు వస్తున్నాను. స్టేషనుకి రావాలనిపిస్తే రా. రాకపోతే మీ ఇంటికి నేనే వస్తాను, నెమ్మదిగా.

నీ జానకి