బదనిక కాని బదనిక

సికింద్రాబాదు, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపురముంటున్న దేవసహాయం గారి కూతురు సలోమి అనే నేను, ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, బి.ఎస్సీ. ప్యాసై, జ్వరమూ జలుబూ లేకుండా, పూర్తి తెలివితో, సొంత దస్తూరితో రాస్తున్న మరణశాసనం ఇది. బలవంతపెట్టినవారు లేరు. వెక్కిరించినవారు ఒకరున్నారు. ఎల్లుండి కాలేజీ వాళ్ళతో అమ్రాబాదు అడవికి వెళ్తున్నానంటే మా మార్త పెద్దమ్మ, "పులులున్న చోటికెళ్తున్నావు, వీలునామా రాసేసి వెళ్ళు తల్లీ" అంది. సరే, రాస్తున్నాను.

నేను వెళ్ళేది ఒక పువ్వు కోసం. యాప్రాల్ గుట్ట కింద అక్బర్ బీ గారి ఇప్పచెట్టు మీద పదకొండు ఆర్కిడ్ మొక్కలున్నాయి. మా లెక్చరర్ల దగ్గరున్న ఏ పుస్తకంలోనూ వాటి బొమ్మ లేదు. అమ్రాబాదులో కనబడకపోతే, నాకు తెలిసినంతవరకు లోకంలో ఆ ఒక్క చెట్టే వాటి ఇల్లు. ఆ చెట్టును కొట్టించాలని అక్బర్ బీ అనుకుంటోంది. ఈ పంపకమంతా ఆ గొడ్డలిని ఆపడానికే. అమలు చేసే బాధ్యత ప్లీడరు సామ్యూల్ బాబాయిది.

1. నాన్నకు నా సైకిలు. కిందటి సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసిన మూడో రోజు, రోడ్డంతా మిలటరీ లారీలుంటే గుట్టల దారి పట్టాను. గొలుసు తెగి నేను పడ్డది ఆ ఇప్పచెట్టు కిందే. షరతు: ఏటా జూన్‌లో నాన్న ఆ సైకిలు మీద యాప్రాల్ వెళ్ళి పూలు చూసి రావాలి. ఇది శిక్ష కూడా. మా పెరటి మామిడి మీది ఆర్కిడ్‌ను "బదనిక, చెట్టును పీల్చేస్తుంది" అని కత్తితో గీకి పారేసింది ఆయనే. నాకప్పుడు పదేళ్ళు. క్షమించాను, మరిచిపోలేదు.

2. మార్త పెద్దమ్మకు నా భూతద్దం. దాంతో ఆ పువ్వును ఒక్కసారైనా చూడాలి. చింతగింజంత పువ్వు, తేనెరంగు రేకులు, మధ్యలో వంకాయరంగు పెదవి. మిట్టమధ్యాహ్నమే వాసనేస్తుంది, యాలకులు దంచినట్టు. అదే భూతద్దంతో పెళ్ళికొడుకుల ఫోటోలు పరీక్షించడానికి అనుమతి లేదు.

3. నోటుపుస్తకాలు కాలేజీకి. దయచేసి ఈ మొక్కను పీక్కెళ్ళి కుండీలో పెట్టకండి. దానికి ఇప్పబెరడు పగుళ్ళు కావాలి, గుట్ట మీంచి కారే వాననీటి చెమ్మ కావాలి, పడమటి ఎండకు బండ అడ్డుండాలి. మొదట పన్నెండు మొక్కలుండేవి. ఒకటి నేను తెచ్చి కుండీలో పెట్టి నలభై రోజుల్లో చంపాను.

4. అక్బర్ బీ గారికి నా గొడుగు, ఉన్ని శాలువా. పోలీసు చర్య జరిగిన ఆ వారం వాళ్ళ వాడలో తలుపు తీయడానికే అందరూ జంకేవారు. ఆమె తీసి, నాకు నీళ్ళిచ్చి, "సైకిల్ మీంచి పడ్డవా, ఆస్మాన్ మీంచి పడ్డవా బిడ్డా?" అని నవ్వింది. ఆమెదీ నాన్న మాటే: బదనిక పట్టింది, చెట్టెట్లాగూ చస్తుంది, కలపకిచ్చేస్తానని. తప్పంతా ఈ మాటలోనే ఉంది. కొమ్మలోకి వేరు దించి రసం తాగేదాన్నీ బదనిక అంటాం, కొమ్మను ఊరికే పట్టుకుని వానా గాలీ తాగి బతికేదాన్నీ బదనికే అంటాం. నిన్న ఆమె ఎదుట ఒక వేరు కొస మెల్లగా లేపి చూపించాను. కింద బెరడుకు గాటు లేదు. ఆమె వేలితో తడిమి, "ఏందీ, గిది కూసున్నదే గని తింటలేదు! మా అల్లుని కంటె నయం" అంది. మరి గొడ్డలి మాటేమిటంటే మాత్రం, "జెర సోంచాయిస్తా" అని, ఆలోచించుకోడానికి గడువు తీసుకుని లోపలికి పోయింది.

పై నాలుగో అంశాన్ని ఇప్పుడే కొట్టివేశాను. కారణం: నిన్న నేను చెప్పిన వీలునామా సంగతి గుర్తుపెట్టుకుని, సంతకాల వేళకు అక్బర్ బీ జట్కాలో వచ్చి, సాక్షిగా తానుంటానంది. సాక్షికి వీలునామా కింద ఏదీ దక్కదని బాబాయి చట్టం చెప్పాడు. "గొడుగు కోసమైతె ఈ పిల్ల సచ్చేదాక ఆగాలె. నాకెందుకా తక్లీఫ్? సాక్షి అని రాయి. నేను బతికున్నన్ని దినాలు ఆ చెట్టు కొట్ట, కొట్టనియ్య, అది సుత రాయి" అంది. అలా రాస్తే చట్టప్రకారం చెల్లదని బాబాయి. చెల్లుతుందని ఆమె. రాశాను.

శాలువా ఆమె భుజాల మీద ఇప్పుడే కప్పాను. అందుకు నేను చావనక్కర్లేదు.

సికింద్రాబాదు, 18 జూన్ 1949, శనివారం.

(సంతకం) డి. సలోమి

సాక్షులు:
1. సామ్యూల్, ప్లీడరు
2. అక్బర్ బీ, యాప్రాల్, ఇప్పచెట్టు యజమాని (ఎడమచేతి వేలిముద్ర)