మేనమామలు తొవ్వ తప్పిన ఎండాకాలం

భువనగిరి, నేతకార్మికుల కాలనీ

సంఘం కార్యదర్శి వెంకటనర్సు గారికి,

మీరు పిల్లల సాయంత్రాలను దొంగిలించారు. మర్యాదగా మొదలుపెట్టడానికి నా దగ్గర వేరే వాక్యం లేదు. వేసవి సెలవులని సంఘం మిద్దె మీద కాలనీ పిల్లలకు కథలు చెబుతుంటే, ‘పొద్దుగూకినంక మిద్దె బంద్, కథలు మధ్యాహ్నం హాల్లో చెప్పుకోవాలె’ అని చీటీ అంటిస్తారా? పిల్లలు నవ్వితే కింద మీ క్యారమ్ గురి తప్పుతోందట! పెద్దమనుషుల గురి కోసం పిల్లల చుక్కలను ఆర్పేస్తారా?

పైగా మీ చెల్లెలు సుగుణమ్మ వచ్చి, “పగటీలి కత చెప్తే మేనమామలు తొవ్వ తప్పుతరంటరు గదనే కోమలా! మా అన్న రోజూ స్కూటర్ మీద తిరిగేటోడు” అని బెంగ పెట్టుకుంది. ఈ కాలంలో ఇంకా ఇవేం నమ్మకాలండీ? రేపు మధ్యాహ్నమే మొదలుపెడుతున్నాను. ఇది మూఢత్వం మీద యుద్ధం.

ఇట్లు, ఏ మాత్రం చల్లారని కోమల

తా.క.: వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు కాబట్టే ఈ కాగితం. దీన్ని మ్యూట్ చేయడం కుదరదు.

*

చెల్లె కోమలకు వెంకటనర్సు దీవించి రాయునది.

చుక్కలను నేను ఆర్పలేదమ్మా. కరెంటు బిల్లు చూసి బల్బు మాత్రం తీసేశాను.

మూఢనమ్మకాలు నాకూ లేవు. అయినా ఒక మాట. నిన్న మధ్యాహ్నం మగ్గాలవాళ్ళకు నూలు ఇవ్వడానికి స్కూటర్ మీద బయలుదేరాను. రోజూ పోయే తొవ్వే. బోడగుట్ట దాటేసరికి ఎండ చల్లబడింది. తంగేడు పూలు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఎదురుగా, మన వైపు నేనెన్నడూ చూడని చెరువు. గట్టు మీద ఒక అవ్వ మబ్బును దూదిలాగ ఏకి, దారం తీస్తోంది.

“అవ్వా, గిది ఏ ఊరు?” అన్నాను.

“జర ఆగు బిడ్డా, ఆమె ఇంకా చెప్పలే” అన్నది.

నిన్న నువ్వు పిల్లలకు ఏం కథ చెప్పావు?

ఇట్లు, నీ అన్న వెంకటనర్సు

తా.క.: అవ్వ నూలు చాలా సన్నం. ధర అడిగితే నవ్వింది. నూలు వ్యాపారంలో ఇది మంచి సూచన కాదు.

*

వెంకటనర్సు గారికి,

నా కథ నాకే అమ్ముతారా? మబ్బులు వడికే అవ్వ నా కల్పన. మీ మేనకోడలు వర్షిత ఇంటికొచ్చి చెప్పి ఉంటుంది, మీరు దానికి స్కూటర్ తగిలించారు, అంతే!

మీ పుణ్యమా అని తల్లులు పిల్లలను మాన్పించేశారు. బిక్షమ్మ తమ్ముడు ఐలేశం నల్లగొండ పోవలసినవాడు కల్వకుర్తిలో తేలాడట. అది బస్సులో నిద్ర తప్పు, కథ తప్పు కాదు! ఎంత చెప్పినా బిక్షమ్మ వినదు. “నాకున్నది ఒక్కడే తమ్ముడు మేడం, మీ కతకు ఇయ్యలేను” అని పిల్లను లాక్కుపోయింది. ఇక మిగిలింది వర్షిత, నా కూతురు మనీష.

ఇట్లు, ఇద్దరికైనా చెప్పే కోమల

తా.క.: కాలనీ ఆడవాళ్ళందరికీ మీరు అన్న. నన్నూ చెల్లె అంటారు. అంటే పిల్లలందరికీ మేనమామ మీరే. ఆ నమ్మకమే నిజమైతే ఈపాటికి మీరు ఆలంపూర్ దాటి తుంగభద్రలో ఉండాలి.

*

చెల్లె కోమలకు దీవెనలు.

ముందు కార్యదర్శిగా: ఆదివారం లోపు పిల్లలు రాకపోతే హాలును సెల్‌ఫోన్ దుకాణానికి కిరాయికి ఇవ్వాలని సంఘం తీర్మానించింది.

ఇక అన్నగా: నేను మళ్ళీ తొవ్వ తప్పాను. అవ్వ నా చేతికి దారం కొస ఇచ్చి, “ఇడువకు కొడుకా, అవతలి కొస చందమామకు కట్టిన” అన్నది. పట్టుకున్నాను. మగ్గం మీద నిలువునా బిగించిన పడుగు దారంలాగ వణుకుతోంది, కానీ చల్లగా ఉంది. అప్పుడే అంతా ఆగిపోయింది. చెరువు మీద ఎగిరే కొంగ గాలిలోనే నిలబడింది. అవ్వ నోరు తెరిచినట్టే ఉంది. ఆ సమయంలో వర్షిత మంచినీళ్ళకు లేస్తే నువ్వు కథ ఆపావా?

ఇట్లు, నీ అన్న వెంకటనర్సు

తా.క.: స్కూటర్ కనిపించడం లేదు. అవ్వ దగ్గర మరిచిపోయానేమో.

*

అన్నా,

వర్షిత లేవలేదు. నాకే దగ్గు వచ్చింది. ఇది కేవలం యాదృచ్ఛికం. అయినా ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. “అమ్మా, మామ దారం ఇడిచిపెడితే ఏమైతడు?” అని నా భుజం మీంచి ఉత్తరం చదివిన మనీష అడిగింది. సభల్లో ఎంతమందితోనో వాదించినదాన్ని, నా బిడ్డ దగ్గర ‘రేపు చెప్తా’ అని తప్పించుకున్నాను.

అందుకే కథ ఆపేస్తున్నాను. హాలు సెల్‌ఫోన్లకే ఇచ్చుకోండి. ఇది మూఢనమ్మకానికి లొంగడం కాదు, ఒక పౌరుడి భద్రత.

ఇట్లు, కోమల

తా.క.: దారం మాత్రం గట్టిగా పట్టుకోండి.

*

చెల్లె కోమలకు,

నిన్న నువ్వు కథ చెప్పలేదు. నేను ఒక్క మలుపు కూడా తప్పకుండా, తిన్నగా నడిచి వెళ్ళి పని చూసుకుని వచ్చాను. అంత దిక్కుమాలిన మధ్యాహ్నం నా బతుకులో లేదు.

ఆ మాటే అంటే వర్షిత పడీపడీ నవ్వింది. “మామా, నువ్వు యాడికి పోలే. కత ఉన్న దినమల్లా అన్నం తిని, హాలు పక్క నూలు గదిల మూటల మీద పండుకుంటున్నవ్. జాలీ కిటికీల నుంచి కత ఇనుకుంట నిద్రల ఊ కొడుతున్నవ్. స్కూటర్ పంచర్ దుకాణంల ఉన్నది!”

నీ సైన్సే గెలిచింది. ఇంటింటికీ పోయి ఈ సంగతి నేనే చెప్పాను. “మరి మా ఐలేశం?” అంది బిక్షమ్మ. “వాడు బస్సు బోర్డు సదవడు బిడ్డా” అన్నాను. రేపటి నుంచి పిల్లలందరూ వస్తారు. సెల్‌ఫోన్ ఆయనకు జాగా లేదని చెప్పేశాను.

కానీ చెల్లె, నిద్రలో పోయినా పోయినట్టే కదా. దారం ఇంకా నా చేతిలోనే ఉంది.

ఇట్లు, కాలనీ మేనమామ వెంకటనర్సు

తా.క.: నీ భాషలోనే, నా డిమాండ్లు:

1. కథ మధ్యాహ్నమే చెప్పాలి. సాయంత్రం నాకు నిద్ర రాదు.
2. జాలీ వైపు తిరిగి, జర గట్టిగా చెప్పాలి.
3. దగ్గు వచ్చేటట్టుంటే ముందు అవ్వను నీడలో కూర్చోబెట్టాలి.
4. చెరువు గట్టు మీద ఒక చాయ్ హోటల్ పెట్టాలి.
5. చందమామ అవతలి కొస లాగే దాకా కథ అయిపోయిందని అనరాదు.